జిన్నింగ్ మిల్లులో ఇటలీ రాజు

నరసరావుపేట,
అక్టోబరు 6.

ఏమే సుప్రజా,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో పిల్ల "కోర్టు నోటీసా మేడమ్, రిజిస్టర్ చెయ్యాలా?" అంది. మేనకోడలికి క్షేమ సమాచారం రాయడానికి అని చెబితే నావైపు జాలిగా చూసి, లోపలికి వెళ్లి చాలాసేపు వెతికి తెచ్చింది.

ఫోన్ చేద్దామంటే నీ గొంతులో కాయలు లేచాయని, డాక్టరు మాట్లాడొద్దన్నాడని మీ నాన్న చెప్పాడు. వాడు నా తమ్ముడే అయినా క్రోసూరులో మిర్చి రేటు తప్ప ఇంకేదీ సరిగ్గా చెప్పడు కాబట్టి సగమే నమ్మాను. అయినా ఫోన్ వల్ల లాభం లేదు. మీ మామయ్యకి చెవులు పూర్తిగా పోయాయి కదా, ఎవరు చేసినా స్పీకర్ పెట్టమంటాడు. పెట్టినా ఆయనకి వినపడదు. ఎదురుగా ఖాదర్ వలి వెల్డింగ్ షాపులో కూర్చున్నవాళ్లకి మాత్రం ముక్క పొల్లుపోకుండా వినపడుతుంది. మొన్న మా అమ్మాయి బిందు ఫోన్ చేసి వాళ్ల అత్తగారి మీద కాసేపు ఏడిస్తే, సాయంత్రానికి ఖాదర్ వలి భార్య గుల్షన్ వచ్చి "అక్కా, పెద్దావిడ మనసు మంచిదేలే, బిందునే కాస్త సర్దుకుపొమ్మను" అని తీర్పు చెప్పి పోయింది. మామయ్యకి చెవి మిషను కొనిచ్చాను. అది పెట్టుకుంటే తలకాయలో రైసు మిల్లు తిరుగుతున్నట్టుందని తీసి పోపులపెట్టె వెనక పడేశాడు.

అసలు సంగతికి వస్తాను. నన్ను కళాపరిషత్తు కార్యదర్శిని చేశారని నీకు తెలుసు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనా అజమాయిషీ చేసే జబ్బు తగ్గలేదని వాళ్లే కనిపెట్టి ఇచ్చారు. కోటప్పకొండ తిరునాళ్లకి ముందు మూడు రోజులు పద్యనాటకాలు వేయించడం మా పని. ఈసారి అధ్యక్షుడు గోపీచంద్, అదే జిన్నింగ్ మిల్లు ఆయన, "ఎంతకాలం పిన్నీ, అయ్యే పద్యాలు, అయ్యే కిరీటాలు. జనం రావట్లా. డాన్స్ ట్రూపుని పెడదాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా మేనకోడలు ఇటలీ భాషలో రాజుల పాటలు పాడుతుంది, దాన్ని పిలుస్తానన్నాను. కమిటీ మొత్తం నోళ్లు తెరిచింది. తెరిచిన నోళ్లు మూసుకునేలోపు తీర్మానం రాయించి సంతకాలు పెట్టించాను.

కాబట్టి ఫిబ్రవరిలో నువ్వు పేటలో పాడుతున్నావు. ఇంతకీ నువ్వు పాడేదేమిటో కాస్త రాయి. అడిగినవాళ్లకి చెప్పాలి.

నీ మేనత్త,
వీరరాఘవమ్మ


చెన్నై,
అక్టోబరు 17.

అత్తా,

ముందు ఆ తీర్మానం చించెయ్యి.

నేను పాడేవి మూడు వందల ఏళ్ల కిందట ఐరోపాలో రాజుల కొలువుల్లో ఆడిన సంగీత నాటకాల్లోని పాటలు. ఆ కాలపు సంగీతాన్ని బరోక్ అంటారు. నాటకం మొత్తం వెయ్యాలంటే ఇప్పుడు ఎవరికీ ఓపిక లేదు, డబ్బు లేదు. అందుకని మంచి పాటలు కొన్ని ఏరుకుని, మధ్యలో నలుగురు కూర్చుని వాయించే చిన్న వాద్య రచనలు కలిపి కచేరీ చేస్తాం. ఆ పాటని ఆరియా అంటారు. కథ నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. ఒక పాత్ర ముందుకొచ్చి నిలబడి తన బాధో కోపమో పాడుకుంటుంది. ఎదుటివాడు పొడవడానికి కత్తెత్తినా సరే, పాట అయ్యేదాకా ఆగాలి. నా గొంతు కాస్త బరువు కాబట్టి నాకెక్కువగా రాజుల పాత్రలే ఇస్తారు.

దీనికో పద్ధతి ఉంది. మొదటి భాగం పాడతాం. తర్వాత చిన్నది రెండో భాగం. అక్కడితో అయిపోయిందనుకుంటావు, కాదు. మళ్లీ వెనక్కి వెళ్లి మొదటి భాగం పాడాలి. ఈసారి ఉన్నదున్నట్టు పాడకూడదు, సొంతంగా సంగతులు వెయ్యాలి. పాడేవాళ్ల సత్తా తేలేది అక్కడే. వినేవాళ్లు ఆ చోటు కోసమే ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. దగ్గొస్తే బయటికెళ్లి దగ్గుతారు. పల్లీలు నమలరు. సోడా కొట్టించుకోరు. మధ్యలో మైకు లాక్కుని తప్పిపోయిన పిల్లాడి పేరు చదవరు.

అన్నిటికంటే ముందు నాకు గొంతు బాగాలేదు. డాక్టరు పాడొద్దన్నాడు, మాటలు కూడా తగ్గించమన్నాడు. గోపీచంద్ గారిని డాన్స్ ట్రూపునే పెట్టుకోమను. వాళ్లకీ పొట్ట గడవాలి కదా.

సుప్రజ


నరసరావుపేట,
నవంబరు 4.

సుప్రజా,

నీ ఉత్తరం కమిటీలో చదివి వినిపించాను. అందరికీ సమస్తం అర్థమైంది. ఆడది రాజు వేషం కట్టడం మనకేం వింత? మన శావల్యాపురంలో పాతికేళ్లు రాణి వేషం కట్టినాయన మీసం తీయడానికి ససేమిరా ఒప్పుకోక, మొహానికి కొంగు అడ్డం పెట్టుకునే పాడేవాడు. జనం ఆ మీసాల రాణిని చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. శత్రువు కత్తెత్తి పద్యం అయ్యేదాకా ఆగడం కూడా మన దగ్గర ఉన్న మర్యాదే. అయ్యాక వాడూ ఒక పద్యం అందుకుంటాడు, అది వేరే సంగతి.

నాకు నచ్చనిది ఒక్కటే. ఎవరూ అడక్కుండానే మళ్లీ మొదటి నుంచి పాడతారా? మన దగ్గర జనం వన్స్ మోర్ అంటేనే పాడతారు. అనకపోతే చక్రవర్తి అయినా తలవంచుకుని తెర వెనక్కి పోవాల్సిందే. అడగనివాళ్లకి రెండోసారి పాడటమేమిటే, వద్దన్న విస్తట్లో పులిహోర వడ్డించినట్టు.

ఇక నీ గొంతు సంగతి. మా బిందు దీపావళి చీరలకని చెన్నై వచ్చింది. టీ నగర్లో ఫ్లైఓవర్ కింద ఎవరో ఒకామె ఆటో అతన్ని కడిగిపారేస్తుంటే నీ గొంతులా ఉందని ఆగిందట. రోడ్డుకి అవతలి పక్క నుంచి, అన్ని హారన్ల మధ్య, ఒక్కొక్క మాట గంట కొట్టినట్టు వినపడిందట. అది రోడ్డు దాటి వచ్చేసరికి నువ్వు గెలిచి వెళ్లిపోయావట. ఆటో అతను మాత్రం మీటరు పట్టుకుని దిగాలుగా కూర్చుని ఉన్నాడట.

కాయలున్న గొంతు అలా మోగదు. ఏం జరిగిందో రాయి. మీ నాన్నకి చెప్పను. వాడికి చెప్పినా ఆ బాధ క్వింటాలు ఎంతకి పోతుందో అడుగుతాడు.

అత్త


చెన్నై,
నవంబరు 13.

అత్తా,

బిందుని కళ్ల డాక్టరుకి చూపించమని రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను. అది నేనే. ఆ ఆటో అతను రెండింతలు అడిగాడు.

గొంతులో ఏమీ లేదు. డాక్టరు అద్దం పెట్టి చూసి "ఇంత శుభ్రమైన గొంతు ఈ మధ్య చూడలేదు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

జూలైలో ఇక్కడ కచేరీ జరిగింది. రాజ్యం పోగొట్టుకుని తెడ్డు లేని పడవలో కూర్చున్న ఒక రాజు పాట. మొదటి భాగం బాగా పాడాను. రెండో భాగం ఇంకా బాగా పాడాను. మళ్లీ వెనక్కి వెళ్లాలి. ఆ సందులో ఒక్క క్షణం హాలంతా నిశ్శబ్దం. వీళ్లంతా నేనేం సంగతి వేస్తానో, ఎక్కడ జారతానో చూద్దామని కూర్చున్నారని ఆ నిశ్శబ్దంలో నాకు తెలిసిపోయింది. మొదటి వరసలో ఒకాయన ఒళ్లో స్వరాల పుస్తకం తెరిచి, చేతిలో పెన్సిలు పట్టుకుని ఉన్నాడు. ఆ పెన్సిలు చూశాక నాకు ఒక్క స్వరం తోచలేదు. కావ్య, సెల్లో అనే పెద్ద తీగల వాద్యం వాయించే అమ్మాయి, ఎత్తుగడ ముక్కని మళ్లీ మళ్లీ వాయించింది, ఇప్పుడైనా అందుకుంటానేమోనని. నేను వంగి నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపోయాను. పాట అయిపోయిందనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. అది ఇంకా ఘోరం. ఒక పత్రికలో "రాజు రాజ్యంతో పాటు పాటనీ వదులుకున్నాడు" అని రాశారు.

ఆ తర్వాత ఇంట్లో తలుపు వేసుకుని పాడినా ఆ చోటికి వచ్చి ఆగిపోతున్నాను. గొంతు జబ్బు అని చెబితే ఎవరూ మళ్లీ అడగరు, పైగా తేనె డబ్బాలు పంపిస్తారు. ఇప్పటికి ఇంట్లో చాలా తేనె ఉంది.

నాకు భయంగా ఉంది అత్తా. ఇంక ఎప్పటికీ పాడనేమోనని. నాకు వచ్చిన పని ఇదొక్కటే.

మామయ్యకి చెప్పకు. ఆయనకి వినపడదని తెలుసు. నా భయం ఖాదర్ వలి గురించి.

సుప్రజ


నరసరావుపేట,
నవంబరు 25.

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి కాసేపు ఏడ్చాను. తర్వాత ఆ పెన్సిలు ఆయన మీద కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, నేనే ఏనాడూ పాట వినడానికి పెన్సిలు పట్టుకుని వెళ్లలేదు. ఆయన అన్నం తినేటప్పుడు కూడా టిక్కులు పెట్టుకుంటాడేమో.

నా మాట విను. ఇక్కడికి వచ్చి పాడు. ఎందుకో చెబుతాను. నీ పాట తెలిసినవాడు మాచర్ల నుంచి క్రోసూరు దాకా గాలించినా ఒక్కడు దొరకడు. నువ్వు తప్పు పాడావని చెప్పాలంటే ఒప్పేదో తెలియాలి కదా. ఆ భాష తెలియదు, ఆ రాజు తెలియడు, ఆ పడవ తెలియదు. నువ్వు సగంలో ఆపేసి మజ్జిగ తాగినా, ఇటలీలో ఇదే పద్ధతి కాబోలు అనుకుంటారు. భయపడేవాళ్లు పాడుకోవడానికి ఇంతకంటే క్షేమమైన ఊరు ఈ భూమి మీద లేదు.

చిన్న హాలు, ఏసీ ఉంది. యాభై మంది కంటే రారు. అందరూ డాక్టర్లు, లాయర్లు. ఆకలైనా నోరు తెరవని మనుషులు.

అత్త


చెన్నై,
డిసెంబరు 9.

అత్తా,

నీ తర్కం లాయరు వాదన కంటే ఘోరంగా ఉంది. రెండు రోజులు నవ్వుకున్నాక అందులో నిజం ఉందనిపించింది. కావ్యకి చెబితే, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి, పద అంది. ఫిడేలుకి కిరణ్ కుమార్ వస్తానన్నాడు. హార్ప్సికార్డ్ అని ఒక తీగల పెట్టె ఉంటుంది, దాన్ని మోసుకురాలేం. కీబోర్డులో ఆ శబ్దం పెట్టి వాయించడానికి మా స్నేహితుడు ఒకతను వస్తాడు.

వస్తాను కానీ కొన్ని షరతులు. పోస్టర్లు వద్దు, శాలువాలు వద్దు. పాట మధ్యలో మైకులో ఎవరి పేర్లూ చదవకూడదు. హార్మోనియం ఉండకూడదు. మీ నాటకాలకి వాయించే మీరా సాహెబ్ బాబాయి మీద నాకు ఎంత గౌరవం ఉన్నా సరే, ఉండకూడదు. వచ్చినవాళ్లు చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ రాజు పాట పాడను. వేరే మూడు పాటలు పాడతాను. వాటిలో వెనక్కి వెళ్లే చోటు లేదు.

ఒప్పుకుంటేనే టికెట్లు తీస్తాను.

సుప్రజ


నరసరావుపేట,
జనవరి 22.

సుప్రజా,

అన్నిటికీ ఒప్పుకున్నాను, టికెట్లు తీయి.

హాలు కాస్త మారింది. ఏసీ అవసరం లేదు, గాలి బాగా ఆడుతుంది. పోస్టర్లు వద్దన్నావు కాబట్టి వెయ్యలేదు. ఫ్లెక్సీ అనేది పోస్టరు కాదని గోపీచంద్ అన్నాడు, నాకు ఆ తేడాల గురించి తెలియదు. నీ ఫోటో కావాలంటే బిందు ఫోన్లోది ఇచ్చాను, నువ్వు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చెరుకురసం తాగుతున్నది. గ్లాసు తీసేసి మైకు పెట్టారు, బాగా కుదిరింది. మీరా సాహెబ్‌కి హార్మోనియం వద్దని నేనే వెళ్లి చెప్పాను. ఆయన జుట్టుకి రంగు వేసుకుంటూ "అట్టాగే చెల్లెమ్మా, ఊరికే పక్కన కూసుంటాలే" అన్నాడు. పాపం, కూర్చుంటే ఏం పోయింది.

మీ మామయ్య మాత్రం రానంటున్నాడు. ఎంతటి మనిషి ఎలా అయిపోయాడే. ఒకప్పుడు నాటకం ఎక్కడ ఆడినా మొదటి వరసలో ఆయనకి కుర్చీ వేసేవాళ్లు. పద్యం అయిన వెంటనే వన్స్ మోర్ అని ఒక్క కేక పెట్టేవాడు, ఆ కేక కోసం పాడేవాళ్లు ఎదురుచూసేవాళ్లు. వన్స్ మోర్ యల్లమంద అంటే మాచర్లలో కూడా తెలుసు. బాగా పాడనిదే ఎంత డబ్బిచ్చినా అరిచేవాడు కాదు. చెవులు పోయిన దగ్గర్నుంచి ఏ నాటకానికీ రాడు. "ఇనపడని నాటకానికొచ్చి ఏం జెయ్యాలి, నోళ్లు ఆడిచ్చేవాళ్లని చూస్తా కూసోనా?" అంటాడు. నీ కచేరీ ఉందని పలక మీద రాసి చూపిస్తే చదివి, తుడిచి, పక్కకి తిరిగి పడుకున్నాడు. నాకు బాధేసింది.

సరే, నువ్వు ధైర్యంగా రా. అంతా నువ్వు చెప్పినట్టే.

అత్త


చెన్నై,
ఫిబ్రవరి 19.

వీరరాఘవమ్మ గారికి,

నమస్కరించి రాయునది. కచేరీ అవగానే రైలుకి టైమైపోయిందని మమ్మల్ని కారెక్కించి తరిమారు కాబట్టి, అక్కడ తిట్టాల్సినవి ఇక్కడ తిడుతున్నాను.

యాభై మంది అన్నావు. చిన్న హాలు అన్నావు. కారు గోపీచంద్ గారి జిన్నింగ్ మిల్లు గేటులోకి తిరిగేసరికి, ఏదో పని ఉండి ఆగారనుకున్నాను. లోపల ఆవరణ నిండా జనం. చాపలు, పట్టాలు, పిల్లలు, బజ్జీల బండి. పొద్దు కుంకుతోంది, గాలిలో పత్తి పింజలు ఎగురుతున్నాయి. గేటు మీద నేను, నల్ల కళ్లద్దాలతో, ఆ గేటంత పొడుగున. కింద "రాజ్యం పోగొట్టుకున్న రాజు, నేటి ప్రత్యేక ఆకర్షణ". పాడనని రాశాను కదా అత్తా. వద్దని రాసిన పాటనే ఎర్ర అక్షరాలతో కొట్టించావు.

అందరికంటే పైన మీరా సాహెబ్ బాబాయి పేరు ఉంది. ఆయన పేరు నా పేరు కంటే పెద్దది.

ముందు వాద్యాలు శ్రుతి చేసుకున్నారు. అదే మొదటి పాట అనుకుని జనం చప్పట్లు కొట్టారు. కిరణ్ లేచి నమస్కారం పెట్టాడు, ఏం చేస్తాడు. తర్వాత నిజంగా వాయించారు, పోనీలే, శ్రద్ధగానే విన్నారు. ముందు కూర్చున్న ఒక ముసలావిడ కావ్య సెల్లోని చూసి "ఏందమ్మే, ఫిడేలుకి ఇంత ఒళ్లొచ్చింది?" అని అడిగింది. నేను మూడు పాటలు పాడాను. గొంతు వణికింది కానీ గట్టెక్కాను. దిగిపోదామనుకున్నాను. అప్పుడు గోపీచంద్ గారు మైకు తీసుకుని "రాజు ఏడమ్మా? జనం రాజు కోసం వచ్చారు" అన్నారు. జనం "రాజు, రాజు" అని మొదలుపెట్టారు. ఆయన నాటకాల పెట్టెలోంచి కిరీటం తెప్పించి నా నెత్తిన పెట్టారు. మీసాల రాణిదేమో, నా తలలాంటివి రెండు పడతాయి.

ఇంక తప్పించుకునే దారి లేదు. మొదలుపెట్టాను. మొదటి భాగం అయింది. కిరీటం ఒక చెవి మీదకి జారింది. రెండో భాగం కూడా అయింది.

మళ్లీ అదే చోటు. మళ్లీ అదే నిశ్శబ్దం. అంత ఆవరణలో పల్లీలు నమలడం కూడా ఆపేశారు. కావ్య నావైపు చూసింది. నాకు ఏమీ తోచలేదు. ఇంక నమస్కారం పెట్టి దిగిపోతున్నాను, ఈసారి శాశ్వతంగా, అనుకున్నాను. నిజంగానే చేతులు జోడించాను.

అప్పుడు ఎడమ వైపు ముందు వరస నుంచి, లైట్లు కళ్లలో పడి మనిషి కనపడలేదు, ఒక బొంగురు గొంతు ఆవరణంతా మోగేలా "వన్స్ మోర్" అని అరిచింది. వెంటనే ఊరంతా అరిచింది.

పాట అయిపోయిందనుకున్నారు వాళ్లు. మళ్లీ పాడమంటున్నారు. నేను మళ్లీ పాడాల్సిన చోటే అది. అత్తా, చెన్నైలో వాళ్లు నేనెలా పాడతానో చూద్దామని కూర్చున్నారు. వీళ్లు అడిగారు. ఇంకాస్త పెట్టమ్మా అని విస్తరి ముందు కూర్చుని అడిగినట్టు అడిగారు. అడిగితే లేదని ఎలా అంటాను? వెనక్కి వెళ్లి పాడాను. సంగతులు వాటంతటవే వచ్చాయి. చిన్నప్పుడు నీ ఒళ్లో పడుకుని నిద్రపోతూ విన్న పద్యాల రాగం ఒకచోట దొర్లింది. రాజు ఏడుపులో అది బాగానే కలిసిపోయింది.

అవగానే మళ్లీ వన్స్ మోర్. కిరణ్ నా చెవిలో "మూడోసారి పాడటం ఎక్కడా లేదు" అన్నాడు. ఇక్కడ ఉందన్నాను. ఆ మూడోసారికి మీరా సాహెబ్ బాబాయి తువ్వాలు కిందనుంచి హార్మోనియం తీశాడు. ఒక మెట్టు తేడాగా, పూర్తి ధైర్యంతో వాయించాడు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే పాడాను. రాజ్యం పోయిన రాజు అంత సంతోషంగా ఉండటం చరిత్రలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

అసలు జరిగిందేమిటో కావ్యకి నేనింకా చెప్పలేదు. మీ ఊరి జనానికి బరోక్ సంగీతం అణువణువూ తెలుసని తను నమ్ముతోంది. వెనక్కి వెళ్లాల్సిన చోట, సరిగ్గా ఆ క్షణాన, వెళ్లమని అరిచారంటే ఎంత విని ఉండాలి అని ఇక్కడ అందరికీ చెబుతోంది.

నిజం చెప్పు. ఆ మొదటి కేక నువ్వే పెట్టించావు కదూ? ఎవర్ని కూర్చోబెట్టావు?

సుప్రజ

కిరీటం పొరపాటున నా సంచిలో వచ్చేసింది.


నరసరావుపేట,
మార్చి 2.

సుప్రజా,

అబద్ధాలు చాలా ఆడాను, ఒప్పుకుంటాను. చిన్న హాలు అబద్ధం, లాయర్లు అబద్ధం. రాజు పాట ఫ్లెక్సీ మీద నేనే వేయించాను. నువ్వు ఆగిపోయిన పాటని వదిలేసి వేరే పాటలు పాడుకుంటూ పోతే, జన్మంతా దాని చుట్టూ తిరిగి నడవాల్సి వస్తుందని నా భయం. కానీ ఆ కేక మాత్రం నాది కాదు. కోటప్పకొండ మీద ఒట్టు.

అప్పుడు నేనెక్కడున్నానో తెలుసా? వేదిక వెనక పత్తి బేళ్ల మధ్య, రెండు చెవులూ మూసుకుని, కళ్లు కూడా మూసుకుని కూర్చున్నాను. నువ్వు మళ్లీ ఆగిపోతే నా మూలాన ఆగిపోతావు. ఎవరో నా భుజం మీద చెయ్యి వేస్తే కళ్లు తెరిచాను, గుల్షన్. "అక్కా, లెయ్. అరిచింది ఎవరో చూడు, బావే" అంది.

మీ మామయ్యే. నేను ఇంట్లోంచి వచ్చేశాక, ఉతికిన పంచె కట్టుకుని ఖాదర్ వలి బండెక్కి వచ్చి ఎడమ వైపు ముందు కూర్చున్నాడట. నాకు చెప్పలేదు. చెవి మిషను కూడా పెట్టుకోలేదు, అది ఇంకా పోపులపెట్టె వెనకే ఉంది.

ఇంటికొచ్చాక పలక మీద రాశాను, ఏం వినపడిందని అరిచావు అని.

"ఏం ఇనపళ్లా," అన్నాడు. "పిల్ల నోరు మూసింది. జనం అంతా కదలకుండా కూసున్నారు. ఎన్ని నాటకాలు చూశా నేను, పద్యం చానా బాగా కుదిరితేనే జనం అట్టా కూసుంటారు. ఇంకా పాడాలని ఉంది ఆ పిల్లకి, మొహం చూస్తే తెలవదా ఏంది? ఎవరో ఒకరు అడగాలిగా. అడక్కపోతే పాడేవాళ్లకి ఎంత నామోషీ."

నీ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదే. ఖాదర్ వలికి కూడా తెలియదు. నువ్వు భయపడి నిలబడితే, బాగా పాడి నిలబడ్డావనుకున్నాడు ఆ పిచ్చి మనిషి.

అప్పటినుంచి రోజూ కాఫీ ఇచ్చేటప్పుడు ఒకటే అడుగుతున్నాడు, "పిల్ల మళ్లీ ఎప్పుడు పాడుద్ది?" అని. వీధంతా వినపడేలా అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావు?

కిరీటం పంపించు. నాటకాల వాళ్లు మా ఇంటి చుట్టూ తిరుగుతున్నారు.

అత్త


చెన్నై,
మార్చి 14.

అత్తా,

ఈ కవరులో మూడు పాసులు పెట్టాను. నీకు, మామయ్యకి, ఖాదర్ వలి బాబాయికి. కిరీటం నేనే తెచ్చిస్తాను, దానిమీద నాకింకా కొంచెం మోజు ఉంది.

వచ్చే నెలలో కచేరీ. అదే హాలు, అదే పాట. పెన్సిలు ఆయన కూడా వస్తున్నాడని విన్నాను. మామయ్య సీటు మొదటి వరసలో వేయించాను, సరిగ్గా ఆయన పక్కనే.

ఇక్కడ ఎవరూ అరవరు. దగ్గడం కూడా ఉండదు. రెండో భాగం అవగానే నేను నోరు మూసి నిలబడతాను. హాలంతా కదలకుండా కూర్చుంటుంది. అప్పుడు అడగాలని మామయ్యకి పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించు.

చెవి మిషను తేనక్కర్లేదని కూడా రాయి.

సుప్రజ